సీటు రావడం ఒక లెక్క, ఎక్కడ వచ్చిందన్నది ఇంకో లెక్క: బ్రిటన్ యూనివర్సిటీల్లో జాతుల వారీ ప్రవేశాలు

ఏటా ఆగస్టులో ఇంటర్ స్థాయి ఏ-లెవల్ ఫలితాలు వచ్చాక బ్రిటన్‌లో రెండు మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. యూనివర్సిటీకి వెళ్లడంలో అందరికంటే వెనకబడింది తెల్లజాతి పిల్లలేనని ఒకరంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల నల్లజాతి పిల్లలకు చోటు దొరకడం లేదని ఇంకొకరంటారు. రెండూ విన్నవాళ్లకు వీటిలో ఏదో ఒకటి అబద్ధమనిపిస్తుంది. నిజానికి రెండింటికీ ఆధారం అధికారిక లెక్కల్లోనే ఉంది.

మొదటిది "సీటు వచ్చిందా?" అన్న ప్రశ్నకు జవాబు. రెండోది "ఎక్కడ వచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయ్యాక మన ఇళ్లలో చుట్టాలు అడిగేవీ ఈ రెండే. వీటిని కలిపేసి ఒకే అంకెతో జవాబు చెప్పాలని చూసినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడి కష్టం లెక్కలోంచి జారిపోతుంది. అందుకే వీటిని విడదీసి చూద్దాం.

"ఇండియన్" అంటే ఇక్కడ ఎవరు

బ్రిటన్ జనగణనలో జాతి గురించి మొదటిసారి అడిగింది 1991లో. అప్పటినుంచి ఎవరికి వారే తమ వర్గం చెప్పుకుంటున్నారు. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో శ్వేతజాతి బ్రిటిష్‌వారు 74.4 శాతం. భారత మూలాలవారు 3.1 శాతం, పాకిస్తానీ మూలాలవారు 2.7, ఆఫ్రికా మూలాల నల్లజాతివారు 2.5, బంగ్లాదేశీలు 1.1, కరీబియన్ మూలాల నల్లజాతివారు 1.0, చైనీయులు 0.7 శాతం.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ లెక్కల్లో "ఇండియన్" అంటే బ్రిటన్‌లో స్థిరపడి, అక్కడి బడిలో చదువుకున్న భారత మూలాల పిల్లలు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎంఎస్సీ చేయడానికి వెళ్లిన విద్యార్థి ఇందులోకి రాడు, అతను విదేశీ విద్యార్థుల పద్దులో ఉంటాడు. మన వైద్య కళాశాలల్లో చదివి బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో చేరిన తెలుగు డాక్టర్ల పిల్లలూ, లండన్ చుట్టుపక్కల ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలూ మాత్రం ఈ గడిలోనే ఉంటారు. అదే గడిలో 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి వెళ్లగొట్టిన గుజరాతీల మనవలూ, పంజాబ్ నుంచి వచ్చి కర్మాగారాల్లో పనిచేసినవాళ్ల మనవలూ ఉన్నారు. ఒక్క గడిలో ఇన్ని చరిత్రలున్నాయి.

"నల్లజాతి" అన్న గడి ఇంకా పెద్ద తికమక. 1948 నుంచి జమైకా, బార్బడోస్ లాంటి ద్వీపాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇది మూడో తరమో నాలుగో తరమో. నైజీరియా, ఘనా, సొమాలియాల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఆ తర్వాత, 1980ల నుంచి వచ్చారు. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఆ అంకె వీళ్లకీ అతకదు, వాళ్లకీ అతకదు. ఈ వ్యాసంలో వీలైనంతవరకు వేరుగానే చెబుతాను.

ఏ యూనివర్సిటీ "కష్టమైనది" అని ఎలా తేలుస్తారు

బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాలు యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా జరుగుతాయి. విద్యార్థి అయిదు కోర్సులు ఎంచుకోవచ్చు. ఏ-లెవల్ అంటే మన ఇంటర్‌కు సమానమైన చదువు, సాధారణంగా మూడు సబ్జెక్టులు. గ్రేడులకు పాయింట్లుంటాయి: ఎ-స్టార్‌కు 56, ఎ కి 48, బి కి 40, సి కి 32. మూడు ఎ లు తెచ్చుకుంటే 144, మూడు బి లు అయితే 120, మూడు సి లు అయితే 96.

ఒక యూనివర్సిటీలో చేరినవాళ్ల సగటు పాయింట్లు తీసి, అన్ని యూనివర్సిటీలనూ వరసలో పెట్టి, మూడు భాగాలు చేస్తారు. పై భాగాన్ని హై టారిఫ్ అంటారు. బోధన బాగుందా లేదా అన్నది ఈ కొలత చెప్పదు. చేరినవాళ్లు ఎన్ని మార్కులతో వచ్చారన్నది మాత్రమే చెబుతుంది.

పత్రికలు ఎక్కువగా వాడే ఇంకో మాట రస్సెల్ గ్రూప్. ఇది పరిశోధన ప్రధానమైన 24 యూనివర్సిటీల సంఘం, 1994లో మొదలైంది. లండన్‌లోని రస్సెల్ హోటల్లో సమావేశమయ్యేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చింది. ఈ గ్రూపులో లేని సెయింట్ ఆండ్రూస్, బాత్ లాంటివి కూడా చాలా ఎక్కువ మార్కులు అడుగుతాయి. కాబట్టి రస్సెల్ గ్రూప్, హై టారిఫ్ ఒకటి కావు. వరసకు రెండో చివర ఎక్కువగా కనిపించేవి 1992 చట్టంతో పాలిటెక్నిక్‌ల నుంచి యూనివర్సిటీలుగా మారినవి. నగరాల్లోనే ఉండి, స్థానిక పిల్లలను, ఉద్యోగం చేస్తూ చదువుకునేవాళ్లను ఎక్కువగా చేర్చుకునే సంస్థలివి.

వరస తిరగబడే చోటు

ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో చదివిన 18 ఏళ్ల పిల్లల్లో 2021లో యూనివర్సిటీ సీటు పొందినవాళ్లు ఇలా ఉన్నారు: చైనీయుల్లో 72.1 శాతం, నల్లజాతివారిలో 48.6 శాతం, తెల్లజాతివారిలో 33.3 శాతం. 2006లో నల్లజాతి పిల్లల శాతం 21.6. పదిహేనేళ్లలో 27 శాతం పాయింట్లు పెరిగింది, ఏ వర్గంలోనూ ఇంత పెరుగుదల లేదు. 2007 నుంచి 2021 వరకు ప్రతి ఏడాదీ అట్టడుగున ఉన్నది తెల్లజాతి పిల్లలే. మొదటి మాటకు ఆధారం ఇదే.

ఇప్పుడు హై టారిఫ్ యూనివర్సిటీల్లో చేరినవాళ్లనే లెక్కపెడదాం. చైనీయ పిల్లలు ఇక్కడా అందరికంటే పైనే ఉన్నారు. ఇటీవలి సంవత్సరాల్లో వాళ్లలో నూటికి దాదాపు నలభై మంది ఇలాంటి చోట చేరుతున్నారు. భారత మూలాల పిల్లలు వాళ్ల తర్వాత ముందువరసలో ఉంటారు. కరీబియన్ మూలాల నల్లజాతి పిల్లలు మాత్రం నూటికి పదిమంది కూడా లేరు, శ్వేతజాతి బ్రిటిష్ పిల్లల కంటే కిందికి పడిపోతారు. ఏదో ఒక యూనివర్సిటీలో చేరడమనే లెక్కలో తెల్లజాతి పిల్లల కంటే ముందున్న వర్గమే, కష్టమైన యూనివర్సిటీల లెక్కకు వచ్చేసరికి వెనకబడింది. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

భిన్నం కింద ఏముంది

గందరగోళంలో సగం, ఏ సంఖ్యను ఏ సంఖ్యతో భాగించారో చూడకపోవడం వల్ల వస్తుంది. ఒక చిన్న ఊహా లెక్క చూద్దాం. ఒక వర్గంలో 18 ఏళ్ల పిల్లలు 1,000 మంది. వాళ్లలో ఒక కష్టమైన యూనివర్సిటీకి అప్లై చేసింది 50 మంది, సీటు వచ్చింది 10 మందికి. ఆ ఏడాది ఆ యూనివర్సిటీలో మొత్తం సీట్లు 500 అనుకుందాం.

ఆ వర్గం పిల్లల్లో ఎంతమంది అక్కడికి చేరారని అడిగితే జవాబు 1 శాతం. అప్లై చేసినవాళ్లలో ఎంతమంది గట్టెక్కారంటే 20 శాతం. క్లాసులో వాళ్ల వాటా ఎంత అంటే 2 శాతం. మూడూ నిజమే, మూడూ వేర్వేరు చోట్ల లోపాన్ని చూపిస్తాయి. మొదటిది తక్కువగా ఉంటే బడిలో ఏం జరిగిందో చూడాలి. రెండోది ఇతరుల కంటే తక్కువగా ఉంటే ఎంపిక పద్ధతిని చూడాలి. మూడోదాన్ని జనాభాలో ఆ వర్గం వాటాతో పోల్చాలి. ఆ పోలికలోనూ 18 ఏళ్లవాళ్ల జనాభాతో పోల్చాలి తప్ప మొత్తం జనాభాతో కాదు, ఎందుకంటే వలస కుటుంబాల్లో పిల్లల వాటా ఎక్కువ.

2010లో లేబర్ ఎంపీ డేవిడ్ లామీ సమాచార హక్కు చట్టం కింద తెప్పించిన వివరాలు పెద్ద దుమారం లేపాయి. 2009లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలోని 21 కాలేజీలు ఒక్క నల్లజాతి అభ్యర్థికీ ఆఫర్ ఇవ్వలేదని తేలింది. ఆయన చూపించినది క్లాసులో వాటా. ఆక్స్‌ఫర్డ్ ఇచ్చిన జవాబు అప్లై చేసినవాళ్ల గురించి: నల్లజాతి అభ్యర్థుల్లో 44 శాతం మంది అన్నిటికంటే పోటీ ఎక్కువున్న మూడు కోర్సులకే అప్లై చేస్తున్నారు, తెల్లజాతివారిలో అది 17 శాతమే అని. ఇద్దరూ ఒకే భిన్నం గురించి మాట్లాడలేదు కాబట్టి ఆ వాదన తెగలేదు.

అప్లికేషన్ నింపే నాటికే జరిగిపోయేది

తేడాల్లో పెద్ద భాగం యూనివర్సిటీ గేటు దాకా రాకముందే ఏర్పడుతుంది. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో చైనీయ, భారత మూలాల పిల్లలు సగటు కంటే చాలా పైన ఉంటారు. కరీబియన్ మూలాల పిల్లలు సగటు కంటే కింద ఉంటారు. అక్కడే దారి చీలుతుంది. తక్కువ మార్కులొస్తే ఏ-లెవల్ బదులు బీటెక్ అనే వృత్తివిద్యా కోర్సు తీసుకోవడం పెరుగుతుంది. ఇది మన బీటెక్ డిగ్రీ కాదు, ఇంటర్ స్థాయిది. నల్లజాతి పిల్లల్లోనూ, తెల్లజాతి శ్రామిక కుటుంబాల పిల్లల్లోనూ ఈ దారిన యూనివర్సిటీకి వచ్చేవాళ్లు ఎక్కువ. చాలా యూనివర్సిటీలు దీన్ని ఒప్పుకుంటాయి. కష్టమైనవాటిలో చాలా కోర్సులకు ఏ-లెవల్ లేకుండా కుదరదు. పదహారేళ్ల వయసులో, తరచూ సరైన సలహా లేకుండా తీసుకున్న నిర్ణయం రెండేళ్ల తర్వాత తలుపు మూసేస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే.

అయితే మార్కులే మొత్తం కథ కాదు. 2015లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ చేసిన పరిశోధనలో, మైనారిటీ వర్గాలన్నిటి పిల్లలూ శ్వేతజాతి బ్రిటిష్ పిల్లల కంటే ఎక్కువగా యూనివర్సిటీకి వెళ్తున్నారని తేలింది. అట్టడుగు ఆర్థిక స్థాయిలో ఉన్న చైనీయ పిల్లలు కూడా పై స్థాయిలోని శ్వేతజాతి పిల్లల కంటే ఎక్కువగా వెళ్తున్నారు. వలస వచ్చిన కుటుంబాల్లో చదువు మీద ఉండే పట్టుదల దీనికి ఒక కారణమని చాలామంది అంటారు. కూలి పని చేసే తండ్రికి కూడా "వీడైనా చదువుకోవాలి" అన్న కోరిక ఎంత గట్టిదో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. బంగ్లాదేశీ పిల్లల్లో ఎక్కువమంది లండన్‌లో ఉన్నారు, ముఖ్యంగా సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో. 1990లలో వాళ్ల పరీక్షా ఫలితాలు చాలా తక్కువ. ఇప్పుడు అదే వర్గం శ్వేతజాతి సగటు కంటే పైన ఉంది. నగరంలోని బడులను మెరుగుపరచడానికి 2003లో మొదలైన లండన్ చాలెంజ్ పథకం, టీచర్ల మీద ఖర్చు, కుటుంబాల్లో వచ్చిన మార్పు, వీటిలో దేని వాటా ఎంతన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఒక తరంలో ఇంత మార్పు వచ్చిందంటే "వాళ్ల సంస్కృతే అంత" అనే మాటకు విలువ లేదు.

ఒకే మార్కులున్న ఇద్దరికి ఒకే జవాబు వస్తుందా

అసలు వివాదం ఇక్కడ. 2013లో డర్హమ్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్త విక్కీ బోలివర్ యూకాస్ దరఖాస్తుల మీద పరిశోధన ప్రచురించారు. సమాన అర్హతలున్నా రస్సెల్ గ్రూప్ యూనివర్సిటీల నుంచి నల్లజాతి, పాకిస్తానీ, బంగ్లాదేశీ అభ్యర్థులకు ఆఫర్ వచ్చే అవకాశం తెల్లజాతివారి కంటే తక్కువని ఆమె చూపించారు. మరుసటి ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకుల అధ్యయనం కూడా, అర్హతలూ కోర్సులూ లెక్కలోకి తీసుకున్నాక కొన్ని వర్గాలకు చిన్న తేడా మిగులుతోందని చెప్పింది.

యూకాస్, యూనివర్సిటీల వాదన కోర్సుల చుట్టూ తిరుగుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంకో ఊహా లెక్క చూద్దాం. ఒక యూనివర్సిటీలో రెండే కోర్సులు: మెడిసిన్‌లో అప్లై చేసినవాళ్లలో 10 శాతానికి సీటు, ప్రాచీన భాషల కోర్సులో 40 శాతానికి. మొదటి వర్గం నుంచి 100 మందిలో 80 మంది మెడిసిన్‌కు, 20 మంది భాషలకు అప్లై చేశారు. 8 మందికి అక్కడ, 8 మందికి ఇక్కడ, మొత్తం 16 మందికి సీట్లు. రెండో వర్గం నుంచి 20 మంది మెడిసిన్‌కు, 80 మంది భాషలకు. 2, 32 కలిపి 34 మందికి సీట్లు. బయటినుంచి చూస్తే 16కూ 34కూ రెట్టింపు తేడా. లోపల ఏ కోర్సులోనూ వివక్ష లేదు.

ఇది కేవలం ఊహ కాదు. 1973లో అమెరికాలోని బర్కిలీ పీజీ ప్రవేశాల్లో పురుషుల్లో 44 శాతానికి, మహిళల్లో 35 శాతానికే సీట్లు వచ్చాయి. విభాగాల వారీగా చూస్తే మహిళలు ఎక్కువగా అప్లై చేసినవి పోటీ తీవ్రంగా ఉన్న విభాగాలని తేలింది. బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాల పిల్లలు మెడిసిన్, డెంటిస్ట్రీ, ఫార్మసీ, లా వైపు ఎగబడడం తెలిసిందే. మన ఇళ్లు తెలిసిన ఎవరికీ దీనికి గణాంకం అక్కర్లేదు.

కానీ ఈ వివరణతో కేసు మూసేయలేం. కోర్సును లెక్కలోకి తీసుకున్నాక కూడా కొన్ని అధ్యయనాల్లో తేడా మిగిలింది. పైగా, ఎవరు ఏ కోర్సు ఎంచుకోవాలో చెప్పే సలహా కూడా బడిని బట్టి మారుతుంది. ఫీజులు కట్టే ప్రైవేటు బడిలో, పోటీ తక్కువున్న కోర్సు ఏదో చెప్పే కౌన్సెలర్ ఉంటాడు. ప్రభుత్వ బడిలో చదివే వలస కుటుంబం పిల్లకు ఆ కిటుకు తెలియదు. అప్పుడు కోర్సు ఎంపికను పూర్తిగా ఆ పిల్ల ఇష్టమే అనలేం.

ఇంకో చిక్కు, ఆఫర్లు ఇచ్చే నాటికి ఫలితాలు రావు. టీచర్లు ఊహించి రాసిన గ్రేడుల మీద ఆఫర్ ఇస్తారు, తర్వాత ఆ గ్రేడులు తెచ్చుకుంటేనే సీటు. 2016లో పరిశోధకురాలు జిల్ వైనెస్ చేసిన అధ్యయనంలో ఈ అంచనాలు కచ్చితంగా సరిపోయింది 16 శాతం మందికే. 75 శాతం మందికి ఎక్కువ చేసి రాశారు. ఒక వర్గం పిల్లలకు ఎక్కువ, ఇంకో వర్గానికి తక్కువ ఊహిస్తే "సమాన అర్హతలు" అన్న మాటే కదులుతుంది. ఊహించిన గ్రేడులతో పోలిస్తే ఒక జవాబు, వచ్చిన గ్రేడులతో పోలిస్తే మరో జవాబు వస్తుంది. రెండు వైపులా నిజాయితీగా వాదించే పరిశోధకులు ఉండడానికి ఇదొక కారణం.

మరి ఎంపిక చేసేవాళ్లకు జాతి తెలుస్తుందా? దరఖాస్తులో విద్యార్థి రాసిన జాతి వివరం ఎంపిక సమయంలో యూనివర్సిటీకి చూపించరు. పేరు మాత్రం కనిపిస్తుంది, బడి పేరూ కనిపిస్తుంది. అందుకే 2015లో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ పేరు లేని దరఖాస్తుల పద్ధతి తెస్తామన్నారు. కొన్ని యూనివర్సిటీల్లో ప్రయోగం జరిగింది కానీ దేశమంతా అమలు కాలేదు. ఇంటర్వ్యూ ఉన్న చోట పేరు దాచినా మనిషి కనిపిస్తాడు కదా అన్నది ఒక అభ్యంతరం.

నాకు కనిపించేది ఇది: తేడాలో ఎక్కువ భాగం మార్కులు, కోర్సులు, బడి చుట్టూనే ఉంది. మిగిలిన కొద్ది భాగం చిన్నదే అయినా, ఆ కొద్దిలో ఉన్న పిల్లకు అది జీవితం. పెద్ద కారణం చూపించి చిన్నదాన్ని కొట్టేయడం సరికాదు, చిన్నదే మొత్తం కారణమని చెప్పడమూ సరికాదు.

ఇంటికి ఎంత దూరం

చదువులో సమాన అవకాశాల కోసం పనిచేసే సట్టన్ ట్రస్ట్ 2018లో చేసిన అధ్యయనం ప్రకారం పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాల విద్యార్థులు ఇంట్లోనే ఉంటూ దగ్గరి యూనివర్సిటీలో చదివే అవకాశం తెల్లజాతి విద్యార్థుల కంటే ఆరు రెట్లకు పైగా ఎక్కువ. ఖర్చు ఒక కారణం: ఇంగ్లండ్‌లో 2012లో ఫీజు ఏడాదికి 9,000 పౌండ్లకు పెరిగింది, అద్దె వేరే. ఆడపిల్లను దూరం పంపడానికి కొన్ని కుటుంబాలు ఒప్పుకోకపోవడం ఇంకో కారణం. వడ్డీ ఉన్న రుణం తీసుకోవడానికి కొందరు ముస్లిం కుటుంబాలు వెనకాడడం మరొకటి.

దీని ఫలితం మీరు ఏ ఊళ్లో ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. తూర్పు లండన్‌లో ఇంట్లో ఉండి చదవాలనుకునే బంగ్లాదేశీ అమ్మాయికి నడిచి వెళ్లే దూరంలో క్వీన్ మేరీ యూనివర్సిటీ ఉంది. అది 2012 నుంచి రస్సెల్ గ్రూప్‌లో ఉంది. చిన్న పట్టణంలో ఉన్న అమ్మాయికి దగ్గరున్నది ఒక్కటే యూనివర్సిటీ, అది తక్కువ పాయింట్లది కావచ్చు. ఇద్దరి మార్కులూ, ఇద్దరి ఇంటి పరిస్థితీ ఒకటే. లెక్కల్లో మాత్రం ఒకరు పై భాగంలో, ఒకరు కింది భాగంలో కనిపిస్తారు.

ఇక్కడ "పై", "కింద" అన్న మాటలు కూడా జాగ్రత్తగా వాడాలి. 2021లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్, సట్టన్ ట్రస్ట్ కలిసి ప్రతి యూనివర్సిటీకీ ఒక లెక్క కట్టాయి: పేద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ముప్పై ఏళ్లకు దేశంలో ఎక్కువ సంపాదించే అయిదో వంతు మందిలో చేరినవాళ్లు ఎంతమంది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది ఆ యూనివర్సిటీ జీవితాలను ఎంతగా పైకి తెచ్చిందన్న కొలత. సగటు 1.3 శాతం. అన్నిటికంటే పైన నిలిచింది క్వీన్ మేరీ, 6.8 శాతం. పేరున్న పాత యూనివర్సిటీలు చాలావాటిలో రెండో అంకె గొప్పగానే ఉంది, మొదటిది బాగా తక్కువ. లోపలికి వచ్చే పేద పిల్లలే కొద్దిమంది అయినప్పుడు ఎంత బాగా చదివించినా గుణకారం చిన్నదే అవుతుంది.

తెల్లజాతి పేద పిల్లల మాట

2021 జూన్‌లో పార్లమెంటు విద్యా కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. పేద కుటుంబం కావడం వల్ల బడిలో ఉచిత భోజనం పొందే శ్వేతజాతి బ్రిటిష్ పిల్లల్లో 2018-19లో యూనివర్సిటీకి వెళ్లింది 16 శాతమే. అదే పేదరికంలో ఉన్న ఆఫ్రికా మూలాల నల్లజాతి పిల్లల్లో అది 59 శాతం. గనులు, మిల్లులు మూతపడ్డ పట్టణాలు, పర్యాటకం పడిపోయిన సముద్రతీరపు ఊళ్లు, ఇలాంటి చోట్ల తరం తర్వాత తరం చదువు మీద నమ్మకం పోయిందని కమిటీ రాసింది.

దీని మీద అభ్యంతరం కూడా బలమైనదే. ఈ పిల్లలను వెనక్కి లాగుతున్నది పేదరికం, ఊరు. వాళ్ల చర్మపు రంగు కాదు. "తెల్ల" అన్న మాట చేర్చితే పేదలను పేదల మీదికి ఉసిగొల్పినట్టవుతుందని కమిటీలోని కొందరు సభ్యులూ, బయట చాలామందీ అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అలాగని 16 అన్న అంకె కరిగిపోదు. సముద్రతీరపు ఊరు గ్రిమ్స్‌బీలో ఉన్న ఒక పేద కుర్రాడికి, లండన్‌లోని నైజీరియన్ కుర్రాడు బాగా చదువుతున్నాడన్న వార్త వల్ల మేలూ లేదు, కీడూ లేదు. అతని ఊరికి మంచి టీచర్లు కావాలి.

కోటాలు లేని చోట ఏం చేస్తున్నారు

మనకు రిజర్వేషన్లు తెలుసు. బ్రిటన్‌లో జాతి పేరుతో సీట్లు కేటాయించడం 2010 సమానత్వ చట్టం ప్రకారం కుదరదు. అమెరికాలో జాతిని ఒక అంశంగా చూసే పద్ధతి ఉండేది, దాన్ని కూడా అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో కొట్టేసింది. బ్రిటన్ చట్టం ఒప్పుకునేది ప్రోత్సాహక చర్యలను: స్కాలర్‌షిప్‌లు, వేసవి శిబిరాలు, బడులకు వెళ్లి చెప్పడం. 2018లో సంగీతకారుడు స్టార్మ్‌జీ కేంబ్రిడ్జ్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం స్కాలర్‌షిప్ మొదలుపెట్టాడు. 2018లో 61 మంది నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్న కేంబ్రిడ్జ్ 2019లో 91 మందిని చేర్చుకుంది. మొదట్లో స్కాలర్‌షిప్ పొందింది ఏటా ఇద్దరే. కానీ "అక్కడ మనలాంటివాళ్లు కూడా ఉంటారు" అన్న కబురు అంతకంటే దూరం వెళ్లింది. ఆక్స్‌ఫర్డ్‌లోనూ 2020లో చేరిన బ్రిటన్ విద్యార్థుల్లో నల్లజాతివారు 3.7 శాతానికి చేరారు.

రెండో దారి సందర్భాన్ని చూసి ఆఫర్ ఇవ్వడం. ఒక కోర్సుకు మామూలుగా మూడు ఎ లు అడిగితే, కష్టమైన పరిస్థితి నుంచి వచ్చిన విద్యార్థిని ఒక ఎ, రెండు బి లు అడగొచ్చు. అంటే 144 బదులు 128 పాయింట్లు. దీన్ని తప్పుపట్టేవాళ్లు, తక్కువ మార్కులతో వచ్చినవాళ్లు క్లాసులో తట్టుకోలేరని భయపడతారు. సమర్థించేవాళ్లు, కోచింగ్ లేకుండా తెచ్చుకున్న బి, ఏటా వేల పౌండ్ల ఫీజు కట్టే బడిలో తెచ్చుకున్న ఎ తో సమానమంటారు.

ఇందులో జాతి చూడరు, పరిస్థితి చూస్తారు. చిక్కంతా ఆ పరిస్థితిని ఎలా కొలుస్తారన్నదే. చాలాకాలం పిన్‌కోడ్‌ను వాడారు: మీ వీధి ఉన్న ప్రాంతం నుంచి యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు తక్కువైతే మీకు సాయం. లండన్‌లో దాదాపు అన్ని ప్రాంతాల నుంచీ ఎక్కువమందే యూనివర్సిటీకి వెళ్తారు. కాబట్టి టవర్ హామ్లెట్స్‌లో ఇరుకు ఫ్లాట్‌లో, టాక్సీ నడిపే తండ్రి సంపాదన మీద బతికే బంగ్లాదేశీ పిల్లాడి పిన్‌కోడ్ "బాగా చదువుకునే ప్రాంతం" అని చూపిస్తుంది, అతనికి సాయం అందదు. దక్షిణ లండన్‌లోని నల్లజాతి పిల్లలదీ ఇదే పరిస్థితి. వెనకబడిన పిల్లలకు సాయం చేయడానికి వాడిన పద్ధతి, మైనారిటీ పిల్లలు ఎక్కువగా ఉండే నగరంలోనే సరిగా పనిచేయలేదు. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు పిన్‌కోడ్‌తో పాటు, ఆ విద్యార్థి బడిలో ఉచిత భోజనం తీసుకున్నాడా అన్నది నేరుగా చూస్తున్నాయి. అలా చూస్తే టవర్ హామ్లెట్స్ పిల్లాడూ కనిపిస్తాడు, గ్రిమ్స్‌బీ పిల్లాడూ కనిపిస్తాడు.